క్యాప్ లీగ్‌లో 5 ఏళ్ల కాంట్రాక్టు రాసిచ్చి ఇరుక్కున్నా, మీ అనుభవాలు చెప్పండి

పటమట:
మాది అమెరికన్ ఫుట్‌బాల్ ఫ్యాంటసీ లీగ్, అంటే అసలు ఆటగాళ్లని వేలంలో కాగితం మీద కొనుక్కుని, మ్యాచ్‌ల్లో వాళ్ల ఆటని బట్టి మా జట్ల గెలుపోటములు లెక్కేసుకుంటాం. 10 జట్లు, ఆరుగురం బెజవాడ, మిగతావాళ్లు గుంటూరు. ఒక్కో జట్టు ఏటా జీతాలకి 250 పాయింట్లే ఖర్చు పెట్టాలి, ఆ పరిమితే క్యాప్. పోయినేడు వేలంపాటలో ఊపు మీద ఒక రన్నింగ్ బ్యాక్‌కి (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఏడాదికి 48 చొప్పున 5 ఏళ్లు రాసిచ్చేశా. నాలుగో వారానికే మోకాలు పోయింది. తీసేస్తే మిగిలిన జీతంలో సగం నా లెక్కలోనే పడుతుంది. ఏం చేయాలో పాలుపోవట్లేదు.

బ్రాడీపేట:
అన్నా, రన్నింగ్ బ్యాక్‌కి 2 ఏళ్లు మించి రాయకూడదు. నేనూ ఇలాగే రెండుసార్లు దెబ్బతిన్నా. ప్రతి ఆటలో గుద్దులన్నీ వాళ్ల ఒంటి మీదే కదా. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కైతే ఎన్నేళ్లైనా ఇచ్చెయ్, భయం లేదు.

కృష్ణలంక:
క్వార్టర్‌బ్యాక్‌కి భయం లేదంటే ఒప్పుకోను తమ్ముడూ. అసలు లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ జీతాలకి క్యాప్ ఉంది. 2024లో అక్కడి డెన్వర్ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని వదిలేస్తే, మనిషి లేకపోయినా 8.5 కోట్ల డాలర్లు వాళ్ల క్యాప్ లెక్కలో పడ్డాయి. రెండేళ్లకి పంచుకున్నారు, 5.3 కోట్లు ఒక ఏడు, 3.2 కోట్లు మరో ఏడు. దాన్నే డెడ్ మనీ అంటారు. 5 ఏళ్ల కాంట్రాక్టుకి సంతకం పెట్టినందుకు 5 కోట్ల సైనింగ్ బోనస్ ఒకేసారి చేతికిచ్చినా, క్యాప్‌లో ఏడాదికి కోటి చొప్పున 5 ఏళ్లు చూపిస్తారు. రెండేళ్లకే పంపేస్తే మిగతా 3 కోట్లూ వచ్చి మీద పడతాయి. చేను ఎండినా ముందు కట్టిన కౌలు వెనక్కి రాదు, అంతే.

అరండల్‌పేట:
ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బరువు వచ్చే ఏళ్లకి తోసినా చెల్లుతుంది, క్యాప్ పెరుగుతోంది కాబట్టి. 2024లో 25.54 కోట్ల డాలర్లు, 2025లో 27.92. అయినా కోవిడ్ దెబ్బకి 2021లో 19.82 నుంచి 18.25కి పడింది, ఆ ఏడు చాలా జట్లు మంచి ఆటగాళ్లని వదులుకున్నాయి. మన 250 ఎప్పుడూ 250యే. రేపటికి తోస్తే రేపు మనమే కట్టాలి. చవకైన కుర్రాళ్లని పట్టండి. క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది) చివరివాడు, 262వ నంబరు. వాడి జీతం ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటకుండానే వాడి జట్టు ఫోర్టీనైనర్స్ సూపర్ బౌల్ ఫైనల్ దాకా వెళ్లారు. 2025లో అదే మనిషికి 5 ఏళ్లకి 26.5 కోట్లు!

పటమట:
మరి నేను తీసెయ్యాలా, ఉంచాలా?

కృష్ణలంక:
కాగితం మీద వేసి చూడు. ఇంకా 4 ఏళ్లు, 192. ఇప్పుడు తీస్తే సగం, 96. ఈ ఏడు ఉంచి వచ్చే ఏడు తీస్తే 48 కట్టి, పైన 72. మొత్తం 120. మీ రూల్లో 96ని రెండేళ్లకి పంచుకోనిస్తారా?

పటమట:
పంచుకోవచ్చు, సీజన్ మొదలవకముందైతే.

కృష్ణలంక:
అయితే ఈ ఏడు ఎలాగూ 48యే. వచ్చే ఏడు 72 బదులు 48. మోకాలు పూర్తిగా బాగైందని నమ్మకం ఉంటే తప్ప ఉంచకు.

బ్రాడీపేట:
తీసేముందు ఒక్కసారి అందరినీ అడుగన్నా. సగం జీతం నువ్వే భరిస్తానంటే ఎవరో ఒకరు తీసుకుంటారు. నేను పోయినేడు అలాగే ఒకణ్ణి వదిలించుకుని, విసిరిన బంతి అందుకునే రిసీవర్‌ని తెచ్చుకున్నా.

పటమట:
ఈ రాత్రే గ్రూపులో పెడతా. శుక్రవారం దాకా ఎవరూ రాకపోతే తీసేస్తా.