ట్రిప్పు ఫొటోలు అక్కడి నుంచే పెట్టాలా, ఇంటికొచ్చాక పెట్టాలా?

పటమట రిటైర్డ్:
పోయినేడు లండన్, ఈ ఏప్రిల్లో జపాన్ వెళ్ళొచ్చాం. రోజూ రాత్రి రూముకు చేరగానే ఓ ఇరవై ఫొటోలు చుట్టాల గ్రూపులో పడేసేవాణ్ణి. తిరిగొచ్చాక మా బావమరిది "ఊళ్ళో లేమని దండోరా వేసుకున్నారు, తాళం పగలగొడితే ఎవరిది పూచీ" అని నలుగురిలో అనేశాడు. నెల తర్వాత పెడితే అది చద్దన్నమే కదా? జపాన్‌లో లాసన్ అని సరుకుల షాపు ఉంటుంది, దాని వెనక ఫ్యూజీ కొండ కనిపించే ఫొటో ఒకటి ఇక్కడా పెడుతున్నా, చూడండి.

కృష్ణలంక కుర్రోడు:
బావమరిది కరెక్ట్ బాబాయ్. మేం తిరుపతి వెళ్తేనే పక్కింటికి తప్ప ఎవరికీ చెప్పం.

బ్రాడీపేట 4/2:
ఎప్పుడు పెట్టాలని కాదండీ, అసలెందుకు పెట్టాలి? మీరు పెట్టిన ఈ ఫొటో కోసమే జనం రోడ్డు మీద అడ్డంగా నిలబడుతుంటే విసిగిపోయి ఆ ఊరివాళ్ళు 2024 మేలో కొండ కనపడకుండా రెండున్నర మీటర్ల ఎత్తున నల్లటి తెర కట్టేశారు. అంతదాకా వచ్చింది ఫొటోల పిచ్చి.

పటమట రిటైర్డ్:
ఆ తెర ఆగస్టులోనే దించేశారమ్మా. తుపానని తీసి మళ్ళీ కట్టలేదు. నేను రోడ్డు దాటింది కూడా జీబ్రా గీతల మీదే.

బ్రాడీపేట 4/2:
దించితే ఏం, కట్టాల్సి రావడమే సిగ్గు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే పల్లెలో కూడా 2023లో సెల్ఫీల బాధ పడలేక చెక్క కంచె కట్టారు.

పటమట రిటైర్డ్:
అదీ కొద్దిరోజులకే పీకేశారు.

కృష్ణలంక కుర్రోడు:
తెరలూ కంచెలూ సరే, బాబాయ్ ఇంటి తాళం సంగతి తేల్చండి.

బెంజ్ సర్కిల్:
వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది సార్, డాక్యుమెంట్‌గా పంపండి.

కృష్ణలంక కుర్రోడు:
అలా పంపితే ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఎక్కడ తీశారో అదీ ఫొటోతో పాటే వెళ్ళిపోతుంది, దొంగకి ఇంకా సుఖం.

పటమట రిటైర్డ్:
తాళం మాట పక్కన పెట్టండి. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది ఉంది, అందులో మన అమరావతి స్తూపం రాళ్ళున్నాయి, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి అక్కడ చాలానే ఉన్నాయి. మనకి బస్సెక్కితే వచ్చే ఊరు, దాని రాళ్ళు చూడ్డానికి విమానమెక్కాల్సి వచ్చింది, అది వేరే ఏడుపు. అక్కడ నిలబడే తీసి పంపాను. తెనాలిలో మా అన్నయ్య రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. వెంటనే ఫోన్ చేసి "ఆ ఎడమవైపు రాయి దగ్గరగా తీయరా, ఏనుగా గుర్రమా తెలీట్లేదు" అన్నాడు. అప్పటికి బయటికొచ్చేశాం, మా ఆవిడ కాళ్ళు నొప్పులంటున్నా వినకుండా మళ్ళీ లోపలికెళ్ళి తీశాను. నెల తర్వాత పంపితే ఏ రాయి దగ్గరికి వెళ్ళను?

బ్రాడీపేట 4/2:
మీ అన్నయ్యగారికి సంతోషం, మా అత్తగారికి ఏడుపు. మా మరిది డాలస్‌లో ఉంటాడు. సెలవు దొరకట్లేదని మూడేళ్ళుగా గుంటూరు ముఖం చూడలేదు, స్విట్జర్లాండ్ మంచులోంచి మాత్రం ఒక్కపూట 64 ఫొటోలు. తుంటి విరిగి పడుకున్న ఆవిడకి పక్కబట్టలు మార్చేది నేను, కళ్ళజోడు పెట్టి ఆ ఫోన్ చూపించాల్సిందీ నేనే. అన్నీ చూసి "అయితే సెలవు దొరికిందన్నమాట" అంటారు. ఆ పూట అన్నం ముట్టరు. చద్దన్నమట! పాచిపోయేది ఎవరి కంచంలోనో మీకేం తెలుసు?

పటమట రిటైర్డ్:
అది మీ మరిది తప్పమ్మా. ఫొటోలేం చేశాయి?

బ్రాడీపేట 4/2:
మరిదిని ఒక్కమాటంటే మా ఆయన మొహం మాడుతుంది. ఫొటోలనైతే ఎంతైనా అనొచ్చు.

బెంజ్ సర్కిల్:
అక్కా, కనిపించగానే డిలీట్ చేసి చూపించకపోతే?

బ్రాడీపేట 4/2:
తమ్ముడూ, ఆవిడ పొద్దున్నే అడిగేది అదే, "చిన్నాడు ఏమైనా పెట్టాడా" అని.

పటమట రిటైర్డ్:
గ్రూపులో ఇరవై ఎక్కువే, అది ఒప్పుకుంటా. అన్నయ్యకి మాత్రం ఎప్పటికప్పుడు విడిగా పంపుతా, బావమరిది ఏమన్నా సరే.

బ్రాడీపేట 4/2:
పంపుకోండి. ఆ తెర కట్టింది మాత్రం నిజం.

పటమట రిటైర్డ్:
తీసేసిందీ నిజమే.