అప్‌డేట్: నెయ్యి మానేసినా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గట్లేదు అన్నాను కదా, కారణం దొరికింది

ఆరేళ్లుగా టైప్ 2 షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్టు) 7.9. నెయ్యి, వేపుళ్లు మానేసి నాలుగు నెలలైనా ఎల్‌డీఎల్ 228 నుంచి 209కే దిగింది, ఎందుకని మార్చిలో ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"మడమ పైన తాడులా తగిలే స్నాయువు కొలెస్ట్రాల్ పేరుకుని లావుగా ఉందేమో చూపించుకోండి, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నాయేమో కనుక్కోండి" అన్నవారి మాటే నిజమైంది. డాక్టరుగారు చెప్పులు విప్పించి, రెండు వేళ్లతో అక్కడ పట్టి చూసి, వెంటనే ఇంట్లోవాళ్ల గురించి అడిగారు. మా చిన్న మామయ్య 41 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అమ్మ ఇన్నేళ్లూ దాన్ని సిగరెట్ల ఖాతాలో రాసేసింది.

జీన్ టెస్టులో ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం తేలింది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లివర్ లాక్కోవడానికి ఆ రిసెప్టర్లే కావాలి. నాకున్న రెండు జన్యు ప్రతుల్లో ఒకటి పనిచేయట్లేదు. నెయ్యిలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఉన్న రిసెప్టర్లూ తగ్గుతాయి కాబట్టి నెయ్యి విషయంలో నాకు సడలింపేమీ లేదు.

థైరాయిడ్ వల్ల కాదు, అది నార్మల్. గానుగ నూనెకి మారితే జేబులో డబ్బు తప్ప ఏమీ తగ్గలేదు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) మాత్రం అన్నం తగ్గించి, షుగర్ అదుపులోకి వచ్చాక 260 నుంచి 155కి వచ్చాయి.

ఇప్పుడు కొలెస్ట్రాల్ తగ్గించే మందులు రోసువాస్టాటిన్ 20 ఎంజీ, ఎజిటిమైబ్ 10 ఎంజీ వాడుతున్నాను. రెండు నెలలకి ఎల్‌డీఎల్ 88, నాకు పెట్టిన టార్గెట్ 70 లోపు. ఈ జన్యు లోపం ఒక్కో బిడ్డకీ రావడానికి సగం అవకాశం ఉందంటే మా పిల్లలిద్దరికీ ఎల్‌డీఎల్ టెస్టు చేయించాం. అమ్మాయికి 94, పదమూడేళ్ల అబ్బాయికి 181. వాణ్ని వచ్చే వారం పిల్లల డాక్టరుకు చూపిస్తున్నాం.