నానమ్మకు తుంటి ఆపరేషన్: ఫుల్ మత్తు ఇస్తే మతి పోతుందా?

కృష్ణాతీరం:
నానమ్మకు 78 ఏళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషన్. డాక్టరుగారు ఫుల్ మత్తు అంటున్నారు, బాబాయి ససేమిరా అంటున్నాడు. మూడేళ్ల కిందట తాతయ్యకు ఫుల్ మత్తు ఇచ్చాక వారం రోజులు మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. తర్వాత కూడా మునుపటి మనిషి కాలేదు. అందుకే నడుముకు ఇచ్చే మత్తే అడగమంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పల్లెపంతులు:
నేను మీ బాబాయిగారి వైపే. మా అత్తయ్యకు నడుముకే ఇచ్చారు. సాయంత్రానికల్లా మనవళ్లను పేరుపేరునా పిలిచింది. కాలికి ఆపరేషనైతే మెదడును నిద్రపుచ్చడమెందుకు?

మత్తుడాక్టర్:
తాతయ్యగారికి జరిగింది అపోహ కాదు. 1998లో 60 దాటినవాళ్ల మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఫుల్ మత్తుతో పెద్ద ఆపరేషన్లయిన వారానికి నలుగురిలో ఒకరికి, మూడు నెలలకూ పదిమందిలో ఒకరికి జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గాయి. కానీ తప్పు మత్తుదేనా? చాలా ఏళ్లు మేమూ అలాగే అనుకున్నాం. 2021లో అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1600 మందికి చీటీ వేసినట్టు సగం మందికి నడుముకు, సగం మందికి ఫుల్ మత్తు కేటాయించి చూశారు. ఆపరేషన్ తర్వాత వచ్చే తికమక, పలవరింత (డెలిరియం అంటాం) నడుముకు ఇచ్చినవాళ్లలో 20.5 శాతం, ఫుల్ మత్తువాళ్లలో 19.7 శాతం.

పల్లెపంతులు:
నడుముకు ఇచ్చినవాళ్లకూ భయపడకుండా నిద్రమందు ఎక్కిస్తారు కదండీ? అప్పుడు తేడా ఎలా తెలుస్తుంది?

మత్తుడాక్టర్:
సరైన ప్రశ్న. చైనాలో 65 దాటిన 950 మంది మీద చేసిన పరీక్షలో నడుము మత్తువాళ్లకు నిద్రమందే ఇవ్వలేదు. అయినా డెలిరియం వాళ్లలో 6.2 శాతం, ఫుల్ మత్తువాళ్లలో 5.1 శాతం. పెద్దవాళ్ల మెదడును దెబ్బతీసేవి ఇంకా చాలా ఉన్నాయి: విరిగిన ఎముక నొప్పి, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, ఐసీయూలో నిద్ర లేకపోవడం, ముందునుంచే ఉన్న మతిమరుపు. ఈ వాదన తేలేదాకా ఆపరేషన్ మాత్రం వాయిదా వేయకండి. మంచం మీద గడిచే ప్రతి రోజూ ఆమెకు నష్టమే. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా? అలాంటప్పుడు వెన్నులో సూది వేస్తే లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలు వాడుతుంటే అదీ ముందే చెప్పండి. ఆమె కళ్లజోడు, వినికిడి మిషన్ దగ్గర పెట్టండి. మెలకువ రాగానే తెలిసిన గొంతు వినిపించాలి.

పల్లెపంతులు:
లెక్కలు ఒప్పుకుంటాను. అయినా మా అమ్మకైతే నడుముకే అడుగుతాను.

మత్తుడాక్టర్:
అడగండి, తప్పేం లేదు. ఊపిరితిత్తులు బాగోలేనివాళ్లకు నేనే ముందు నడుము మత్తు గురించి ఆలోచిస్తాను. మతి కాపాడుతుందని మాత్రం మాట ఇవ్వలేను.

కృష్ణాతీరం:
నానమ్మ గుండెకు క్లోపిడోగ్రెల్ అనే రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోందండీ. డాక్టరుగారు ఫుల్ మత్తు అన్నది అందుకేనేమో, మేమే అడగలేదు. వినికిడి మిషన్ పోతుందని ఇంట్లోనే ఉంచేశాం. రెండు రోజులుగా పిలిస్తే పలకట్లేదని కంగారుపడుతున్నాం. తమ్ముణ్ని ఇప్పుడే పంపిస్తున్నాను.