ఇంట్లో కుందేలుకు స్నానం తప్పనిసరా, లిట్టర్ ట్రే నేర్పితే చాలా?

పటమట ఫ్లాట్:
మాది విజయవాడ, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా పాప కోసం ఒక తెల్ల కుందేలును తెచ్చాం. ఐదు నెలలు ఉంటాయి, ఆడదట. వారానికోసారి బేబీ షాంపూతో స్నానం చేయించండి, లేకపోతే ఇల్లంతా కంపు కొడుతుందని అమ్మిన షాపువాళ్లు చెప్పారు. తెలిసినావిడ మాత్రం స్నానం అసలు వద్దు, ప్రాణం మీదికి వస్తుంది, ట్రేలో మూత్రం పోసుకోవడం నేర్పితే చాలు అంటోంది. అడుగున ఇనుప తీగలున్న బోనులో పెట్టాం. సాయంత్రం వదిలితే సోఫా వెనక మూలలో పోస్తోంది. పూజగది ఆ పక్కనే, అందుకని మా అత్తయ్యగారు బాగా ఇబ్బంది పడుతున్నారు. తిండి అంటే క్యారెట్, షాపువాళ్లిచ్చిన పెల్లెట్లు (గుళికల దాణా), కొంచెం కొత్తిమీర. పెంచిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, స్నానమా, ట్రేనా?

ఉప్పల్ చెవులపిల్లి:
ట్రే అండీ. స్నానం మాట మర్చిపోండి. ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం, కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

కుందేలు ఒంటికి వాసన ఉండదు. రోజులో చాలాసేపు తనను తాను నాక్కుని శుభ్రం చేసుకుంటూనే ఉంటుంది. మీకు వచ్చే వాసన మూత్రానిది. అది నిలవ ఉంటే అమోనియా ఘాటు వస్తుంది. కాబట్టి కుందేలును ఎంత తోమినా సోఫా వెనక మూల అలాగే ఉంటుంది, వాసనా అలాగే ఉంటుంది. అత్తయ్యగారు చెప్పేది సబబే. ఆ ఘాటు మనకంటే ముందు కుందేలు ముక్కుకే చేటు, ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి.

ఇక స్నానం ఎందుకు వద్దంటున్నానో చెప్తా. దాని బొచ్చు చాలా దట్టం. తడిస్తే చర్మం దాకా నీళ్లు పట్టుకుని ఆరడానికి గంటలు పడుతుంది, ఆలోపు ఒంట్లో వేడి పడిపోతుంది. చర్మం పల్చన, గట్టిగా రుద్దితే చిరుగుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం వెన్నెముక. ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండ బలం. భయపడి ఒక్కసారి తన్నుకుంటే నడుము దగ్గర వెన్ను విరుగుతుంది, కాళ్లు పడిపోతాయి. దీనికి పెద్ద బలం అక్కర్లేదు, మనం పట్టుకునే తీరు సరిగ్గా లేకపోతే చాలు.

ట్రే నేర్పడం మీరనుకున్నంత కష్టం కాదు. మనం పెంచే కుందేళ్లన్నీ యూరప్ అడవి కుందేలు సంతతి. అవి బొరియల్లో గుంపుగా ఉంటూ ఒకే చోట పోసుకుంటాయి. ఆ బుద్ధి వీటికి పుట్టుకతోనే ఉంది, మనం చోటు చూపిస్తే సరి.

చిత్తూరు ఫారం:
మాకు కుందేళ్ల ఫారం ఉంది, న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతులు. స్నానం వద్దన్న మాట నిజమే, మేమెప్పుడూ చేయించం. కానీ ఫ్లాట్‌లో వదిలేసి ట్రే నేర్పడం అంటే ఒప్పుకోను. అది రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేసే జీవి. తీగల అడుగున్న బోను ఎందుకు పెట్టారనుకుంటున్నారు? పెంటికలు, మూత్రం కిందికి పోతాయి, కుందేలు ఎప్పుడూ పొడిగా ఉంటుంది. రోజూ కింద ట్రే కడిగితే వాసనే ఉండదు. మరి ఇంట్లో వదిలితే కరెంటు వైర్లు కొరకదా? బోనే దానికి క్షేమం, మీకు శుభ్రం.

ఉప్పల్ చెవులపిల్లి:
చిత్తూరు అన్నా, ఫారంలో మీ లెక్క వేరు. అక్కడ మాంసానికి పెంచేవి కొద్ది నెలలే బోనులో ఉంటాయి. ఇంట్లో పెంచేది ఎనిమిది, పదేళ్లు బతకాలి. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. తీగల మీద నెలల తరబడి నిలబడితే మడమల దగ్గర ఆ బొచ్చు అరిగి పుండ్లు పడతాయి. అవి మానడం చాలా కష్టం. పటమట అక్కా, మీరు బోను తీయకపోయినా పర్లేదు గానీ ఈరోజే ఆ తీగల మీద ఒక మందపాటి అట్టో, గోనెపట్టానో పరచండి.

వైర్ల సంగతి మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. ఎలక్ట్రికల్ షాపులో దొరికే ప్లాస్టిక్ పైపుల్లో వైర్లు దూర్చాకే వదలాలి.

కూకట్‌పల్లి బన్నీ:
నేను మా కుందేలుకు మొదట్నుంచీ నెలకోసారి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయిస్తున్నా. టబ్బులో పెడితే కదలకుండా కూర్చుంటుంది, దానికి ఇష్టం కూడా. తర్వాత డ్రయ్యర్‌తో ఆరబెడతా. ఎప్పుడూ ఏమీ కాలేదు. మీరంతా ఊరికే టెన్షన్ పెడుతున్నారు. మే నెలలో హైదరాబాద్ ఎండకు స్నానం చేయించకపోతేనే తప్పు. దానికి చెమట కూడా పట్టదు కదా?

వెటర్నరీ విద్యార్థిని:
కూకట్‌పల్లి గారూ, చెమట పట్టదన్నది సరే. ఒంట్లో వేడిని అది ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది. గదిలో 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో 42, 43 మామూలే, కాబట్టి మీ భయం నాకు అర్థమైంది. కానీ ఒళ్లంతా తడపక్కర్లేదు. చేతులు తడి చేసుకుని చెవులు మాత్రం తుడవండి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెడితే అదే వచ్చి ఆనుకుని పడుకుంటుంది. టైల్స్ మీద పడుకోనివ్వండి. ఫ్యాన్ గాలి ఆడాలి, కూలర్ నేరుగా మీదికి పెట్టొద్దు. నోరు తెరిచి ఆయాసపడినా, తూలినా అది వడదెబ్బ, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కదలకుండా కూర్చోవడం ఇష్టం కాదండీ. వేటాడే జంతువులకు ఆహారమయ్యే జీవి అది. తప్పించుకునే దారి లేనప్పుడు బిగుసుకుపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టినా అలాగే ఉండిపోతుంది, చాలామంది దాన్ని కూడా హాయిగా పడుకుంది అనుకుని ఫొటోలు తీస్తారు. ఆ సమయంలో గుండె ఎలా కొట్టుకుంటోందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. భయం వల్ల తిండి మానేస్తే ఇంకా ప్రమాదం. కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి, పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాన్ని అత్యవసరంగా చూడాలి.

అయితే నీళ్లు ఎప్పుడూ తగలకూడదని నేను అనను. ముసలిదై నాక్కోలేకపోయినా, లావెక్కి మూతి వెనక్కి అందకపోయినా, విరేచనాలు అంటుకున్నా అక్కడ వరకే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వెంటనే తువ్వాలుతో అద్ది ఆరబెట్టాలి. అంటుకున్నది ఎండిపోయి ఉంటే మన వంటింట్లో కార్న్‌ఫ్లోర్ అద్ది మెల్లగా దువ్వితే ఊడొస్తుంది. టాల్కం పౌడర్ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కూకట్‌పల్లి బన్నీ:
బిగుసుకుపోవడం గురించి మీరు చెప్పింది నాకు కొత్త, గమనిస్తా. కానీ మా దానికి వెనక ఎప్పుడూ మెత్తగా, నల్లగా అంటుకుని ఉంటుంది, వాసన కూడా. కడక్కుండా ఎలా వదిలేస్తాం?

ఉప్పల్ చెవులపిల్లి:
అదే అసలు విషయం. అది విరేచనం కాకపోవచ్చు. కుందేలు రెండు రకాలు వేస్తుంది. ఒకటి గుండ్రటి, పొడి పెంటికలు, వాటికి వాసన ఉండదు. రెండోది మెత్తగా, మెరుస్తూ, చిన్న ద్రాక్షగుత్తిలా ఉండేది. దాన్ని అది నేరుగా వెనక నుంచే నోటితో అందుకుని తినేస్తుంది. చూసి అసహ్యించుకుని ఆపకండి, బి విటమిన్లు, ప్రోటీన్లు దానికి అలాగే అందుతాయి. పెల్లెట్లు, క్యారెట్, పండ్లు ఎక్కువ పెడితే ఈ మెత్తటిది ఎక్కువగా తయారవుతుంది, తినకుండా వదిలేస్తుంది, కూర్చున్నప్పుడు బొచ్చుకు అంటుకుంటుంది. మీరేం పెడుతున్నారు?

కూకట్‌పల్లి బన్నీ:
పొద్దున క్యారెట్, అరటిపండు ముక్క. రోజంతా పెల్లెట్లు గిన్నెలో ఉంటాయి. గడ్డి తినదు.

ఉప్పల్ చెవులపిల్లి:
గిన్నె నిండా పెల్లెట్లు ఉంటే గడ్డి ఎందుకు తింటుందండీ? దాని తిండిలో ఎక్కువ భాగం, అంటే ఐదింట నాలుగు వంతులకు పైనే, ఎండుగడ్డి ఉండాలి. పెల్లెట్లు రోజుకు ఒకట్రెండు చెంచాలకు తీసుకురండి, ఒక్కసారి కాదు, నెమ్మదిగా తగ్గిస్తూ. పండు, క్యారెట్ ఎప్పుడైనా చిన్న ముక్క. గడ్డి తింటే పళ్లు కూడా అరుగుతాయి. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఇది మార్చి చూడండి, నెలకోసారి కడగాల్సిన పని చాలావరకు తప్పుతుంది. తప్పకపోతే డాక్టరుకు చూపించాలి, అప్పుడూ స్నానంతో పనికాదు.

దిగుమతి తిమోతి గడ్డి ఖరీదు. మందులు కొట్టని చోట కోసిన గరికను నీడన ఆరబెట్టి పెట్టండి, ఇష్టంగా తింటాయి. వరిగడ్డి కింద పరచడానికి బాగుంటుంది గానీ తిండిగా సరిపోదు.

పటమట ఫ్లాట్:
మాదీ ఇదే తిండి! సరే, ట్రే ఎలా మొదలుపెట్టాలో చెప్పండి. పిల్లుల ట్రేలో వేసే మట్టి వాడొచ్చా? షాపులో అదే ఉంది.

ఉప్పల్ చెవులపిల్లి:
తడి తగిలితే గడ్డకట్టే పిల్లుల మట్టి వద్దే వద్దు. కుందేలు ట్రేలో ఉన్నవన్నీ కొరికి చూస్తుంది, కడుపులో ఉబ్బి పేగులు అడ్డం పడతాయి. వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టు కూడా వద్దు. దుమ్ము ఎక్కువ, దేవదారు, పైన్ లాంటి చెక్క అయితే దాని ఆవిరి కాలేయానికి మంచిది కాదు. పాత న్యూస్‌పేపర్లు నాలుగైదు పొరలు వేసి, పైన ఎండుగడ్డి వేయండి. ఇంతకంటే చవకది లేదు.

ట్రే పెద్దది కావాలి, కుందేలు లోపల పూర్తిగా చుట్టూ తిరగగలగాలి. బట్టలు నానబెట్టే వెడల్పు టబ్ చాలు. తినే గడ్డిని ట్రేలోనే ఒక చివర పెట్టండి. కుందేలు తింటూ తింటూనే పోసుకుంటుంది, మొత్తం శిక్షణలో సగం ఇదే. ఉచ్చ తుడిచిన కాగితం ముక్క, కొన్ని పెంటికలు అందులో వేస్తే చోటు గుర్తుపడుతుంది.

మొదట ఇల్లంతా వదలొద్దు. బోను, దాని ముందు కొంచెం జాగా, అంతే. అక్కడ ట్రే తప్పకుండా వాడుతోంది అనిపించాక ఇంకాస్త జాగా ఇవ్వండి. అది పట్టుబట్టి వేరే మూలలో పోస్తుంటే దాంతో పోట్లాడకండి, ట్రేనే ఆ మూలకు జరపండి. కసరడం, కొట్టడం, పోసిన చోట దాని ముక్కు రుద్దడం లాంటివి చేస్తే మిమ్మల్ని చూసి పారిపోవడం తప్ప ఏమీ నేర్చుకోదు.

సోఫా వెనక మూలను తెల్ల వెనిగర్, నీళ్లు కలిపి తుడవండి. మూత్రంలో కాల్షియం ఎక్కువ కాబట్టి ఎండితే సున్నంలా తెల్లగా కడుతుంది, వెనిగర్‌కు అది కరుగుతుంది, వాసనా పోతుంది. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. కుందేలు తిరిగే చోట ఫినాయిల్ తడి మాత్రం వద్దు, పాదాలు నాక్కుంటుంది. మూత్రం ఉన్నచోట బ్లీచింగ్ వాడితే విషవాయువు వస్తుంది, అది మీకూ ప్రమాదమే.

చిత్తూరు ఫారం:
ఇన్ని చేసినా ఐదు నెలల పిల్ల అంటున్నారు. ఈడుకు వచ్చే వయసు. నేర్చుకున్నది కూడా మర్చిపోయి ఊరంతా పోస్తుంది, చూడండి. ఇంకో మాట, షాపువాళ్లు ఆడది అన్నారని నమ్మొద్దు. చిన్నప్పుడు వాళ్లూ పొరబడతారు. ఒకదానికి తోడని ఇంకోటి తెస్తే 31 రోజులకు పిల్లలు.

వెటర్నరీ విద్యార్థిని:
ఇది చాలా ముఖ్యమైన మాట. ఈడుకొచ్చాక హార్మోన్ల వల్ల సరిహద్దు గుర్తు పెట్టుకోవడానికి అక్కడక్కడా పోస్తాయి. మగవైతే చిమ్ముతాయి కూడా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఆడవాటికి ఇంకో కారణం కూడా ఉంది. ఆపరేషన్ చేయించకపోతే నాలుగైదేళ్లు వచ్చేసరికి గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ.

చిత్తూరు ఫారం:
చెప్పడం తేలిక తల్లీ. కుక్కలకు, బర్రెలకు వైద్యం చేసే డాక్టర్లున్నారు, కుందేలుకు మత్తిచ్చి కోసి బతికించే చేతులు మన ఊళ్లలో ఎన్ని? ట్రే కోసం ప్రాణం పణంగా పెడతారా? నేనైతే పెట్టను.

వెటర్నరీ విద్యార్థిని:
ఆ భయం న్యాయమైనదే బాబాయ్ గారూ. అందుకే ఏ క్లినిక్ కనిపిస్తే అక్కడికి వెళ్లొద్దంటాను. రెండు ప్రశ్నలు అడగండి. కుందేళ్లకు ఈ ఆపరేషన్ ఇంతకు ముందు చేశారా? ముందు రాత్రి నుంచి తిండి ఆపాలా? కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని కుక్కలా రాత్రంతా పస్తు ఉంచకూడదు. ఆపమన్నారంటే వాళ్లకు కుందేళ్ల అలవాటు లేదన్నమాట, వేరే చోటు చూసుకోండి. దగ్గర్లో లేకపోతే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో విచారించండి. ట్రే కోసమే అయితే నేనూ తొందరపెట్టను, ఆడదాని ఆయుష్షు కోసం చెబుతున్నా.

గుంటూరు మిద్దెతోట:
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. ఆ పెంటికలు పారేయకండమ్మా. కోడిపెంటలా వేడి చేయదు, మాగబెట్టకుండానే కుండీల్లో వేయొచ్చు. మా వంగ, కరివేపాకు మొక్కలకు అవే ఎరువు.

పటమట ఫ్లాట్:
అత్తయ్యగారికి ఈ మాట చెప్పాను, బాల్కనీలో తులసి, మల్లె ఉన్నాయి, అక్కడ వేద్దాం అన్నారు! షాంపూ పక్కన పెట్టేశాం. బోనులో అట్ట వేశాం, గరిక ఆరబెట్టాం. ఆపరేషన్ గురించి మాత్రం ఇంకా తేల్చుకోలేదు, చిత్తూరు అన్న భయమే మాదీ. బోనును బాల్కనీలోకి మార్చమంటున్నారు ఇంట్లో, వానాకాలం వస్తోంది, ఫర్వాలేదా?

ఉప్పల్ చెవులపిల్లి:
వానాకాలం బాల్కనీలో అసలు వద్దు అక్కా. వెనక కొంచెం తడిగా, మురికిగా ఉన్నా ఈగలు గుడ్లు పెడతాయి. ఒకట్రెండు రోజుల్లో పురుగులు పడి ఒంట్లోకి తొలుచుకుపోతాయి, ప్రాణం దక్కడం కష్టం. ఇంట్లోనే పెట్టి, ట్రే కాగితాలు రోజూ మార్చి, రోజుకు రెండుసార్లు తోక కింద చూడండి. పురుగు కనిపిస్తే గంటల్లో డాక్టరు దగ్గర ఉండాలి. కుక్కల పిడుదుల స్ప్రే మాత్రం కొట్టకండి. వాటిలో ఫిప్రోనిల్ అని ఉంటే కుందేలుకు విషమే.

చిత్తూరు ఫారం:
దీనికి నేనూ ఒప్పుకుంటా. బోను ఎక్కడున్నా దోమతెర కట్టండి.