‘దాన్ని’ ఎక్కడ ‘వాణ్ణి’ అవుతుంది?

మొదటి పోస్టు, నల్గొండ నుంచి

గ్రూపులో అందరికీ నమస్తే. ఒక చారిత్రక నవల రాస్తున్నాను. మూడు అధ్యాయాలు గడిచాక క్రియాపదం దగ్గర ఆగిపోయాను. వారం నుంచి అక్కడే ఉన్నాను, టెన్షన్‌గా ఉంది.

కథకు ఆధారం మైకేల్ డిలన్ జీవితం. 1915లో లండన్‌లో పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. 1939లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను వాడటం మొదలుపెట్టాడు. 1944లో జనన ధ్రువపత్రం మార్పించుకున్నాడు. 1946 నుంచి 1949 దాకా హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ చేతిలో కనీసం 13 ఆపరేషన్లు అయ్యాయి. ఆ నొప్పుల మధ్యే డబ్లిన్‌లో వైద్యం చదివి 1951లో డాక్టరయ్యాడు. తర్వాత ఓడల్లో డాక్టరుగా తిరిగాడు. 1958లో పత్రికలు ఆయన సంగతి బయటపెట్టడంతో మన దేశానికి వచ్చేసి బౌద్ధంలో చేరాడు. బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుడి పేరే ఆయన పేరయింది. 1962లో డల్హౌసీలో చనిపోయాడు. అప్పటికి 47 ఏళ్ళు. నాగార్జునసాగర్ బుద్ధవనంలో ఒక సాయంత్రం కూర్చుని మొదటి పేజీ రాసుకున్నాను.

చూశారా, పై పేరాలో ‘మొదలుపెట్టాడు’, ‘మార్పించుకున్నాడు’ అని నా చెయ్యి దానంతటదే రాసేసింది. ఉత్తరంలోనో పోస్టులోనో అయితే ఆలోచించనక్కర్లేదు. నవలలో ఆలోచించాలి.

నేను ఆగిన చోటు ఇది. యుద్ధకాలం, బ్రిస్టల్‌లో ఒక గ్యారేజీ. డిలన్ అక్కడ పెట్రోలు పోస్తాడు, చెడిపోయిన బండ్లను లాక్కొస్తాడు. చూస్తే మగమనిషి. తోటి పనివాళ్ళు మాత్రం ‘ఆమె’ అంటున్నారు. వచ్చిన గిరాకీలు తికమక పడుతున్నారు. చివరికి అక్కడి మేనేజరు, ఇక అందరూ ‘అతను’ అనాల్సిందే అని చెప్పేశాడు. ఇది కల్పన కాదు, నిజంగా జరిగిందే. ఇంగ్లిషులో ఆ ఆజ్ఞకు ఒక సర్వనామం మారితే సరిపోతుంది. మనకు అట్లా కుదరదు. ఆ షెడ్డులో ప్రతి వాక్యం చివర మారాలి. పెట్రోలు పోసింది, పోసిండు. బండి తెచ్చింది, తెచ్చిండు. అన్నం తిన్నది, తిన్నడు. (ఆ పనివాళ్ళకు మన నల్గొండ మాటే ఇచ్చాను. గ్యారేజీలో గ్రాంథికం పలికిస్తే ఎవరు నమ్ముతారు?)

‘తను’ అని రాసుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. ‘తను’ దాచింది కాస్తా క్రియ దగ్గర బయటపడుతుంది. తను వచ్చింది, తను వచ్చాడు.

నా ప్రశ్న ఒక్కటే. చిన్నప్పటి అధ్యాయాలు ‘ది’తో రాసి, గ్యారేజీ తర్వాత ‘డు’కు మారనా? మొదటి పేజీ నుంచే ‘డు’ రాయనా?

జవాబు, వనపర్తి నుంచి, తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవారు

మంచి చోట ఆగారు. బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిన మహత్తులు, అమహత్తులు గుర్తు తెచ్చుకోండి. మగవాళ్ళను చెప్పే మాటలు మహత్తులు. పశువులు, వస్తువులు అమహత్తులు. ఆడమనిషి ఏకవచనంలో అమహత్తుల పక్కన నిలబడుతుంది: వాన వచ్చింది, ఆవు వచ్చింది, అక్క వచ్చింది. బహువచనంలో గీత దాటి మహత్తుల్లో కలుస్తుంది: అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు. అంటే మన క్రియలో ఈ దాటడం మొదటి నుంచీ ఉన్నదే.

అందుకని నా సలహా, గౌరవ బహువచనం పట్టుకోండి. ‘డిలన్ వచ్చారు, డిలన్ చదివారు.’ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఏ చిక్కూ ఉండదు. పాత మాట కావాలంటే ‘పేడి’ ఉంది, ఆడా మగా కానివారని అర్థం. విరాటపర్వం వాతావరణం కూడా వస్తుంది. అర్జునుడు బృహన్నల అయినట్టే కదా ఇది.

జవాబు, దేవరకొండ నుంచి

‘నేను’ అని రాస్తే గొడవే లేదు కదా అన్నా. ఉర్దూలో అయితే ‘మై ఆయా’, ‘మై ఆయీ’ అని నోరు తెరవగానే తెలిసిపోతుంది. మనకు ‘నేను వచ్చిన’ అంతే. ఆడైనా మగైనా ఒకటే. ‘నువ్వు వచ్చినవ్’ కూడా అంతే. నవలంతా ఆయన నోటితోనే చెప్పించు.

జవాబు, మహబూబ్‌నగర్ దగ్గరి ఊరి నుంచి

ఈ గ్రూపులో చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. నేను ట్రాన్స్ ఉమన్‌ని. పండితులు సార్ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ ‘రు’ గురించి.

నన్ను ‘వచ్చారు’ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆఫీసులో, బ్యాంకులో అది మర్యాదే. కానీ ‘డు’ అంటే నేను బాధపడతానని తెలిసి, ‘ది’ అనడానికి నోరు రాక, మధ్యలో ‘రు’ దగ్గర ఆగిపోయేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో మనిషిని ‘వచ్చారు’ అంటే బయటిదాన్ని చేసినట్టే.

ఇంట్లోంచి వెళ్ళిన ఆరేళ్ళకు మా ఊరికి పోయాను. మా చిన్నమ్మ పొయ్యి ముందర జొన్న రొట్టెలు కొడుతోంది. నా వైపు ఒక్కసారి చూసింది. చేతి పిండి దులుపుకోకుండానే లోపలికి కేకేసింది: “ఏమయ్యో, పిల్లొచ్చింది. ఇంకో రెండు రొట్టెలు ఏస్తున్న.” అంతకుముందు ఆ ఇంట్లో నేనెప్పుడూ ‘వచ్చిండు’నే. ఆమె దాని గురించి ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. రెండు రొట్టెలూ తిన్నాను.

మీ డిలన్‌కు ‘డు’ ఇవ్వండి. ఆయన అడిగింది అదే కదా, దాచే మాట అడగలేదు.

ఇంకొకటి. ‘వేషం’ అనే మాట మాత్రం ఎక్కడా రానివ్వకండి. 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో మావాళ్ళ మీద ఒక చట్టం వచ్చింది. మా పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆడవాళ్ళ బట్టలు, నగలు పెట్టుకుని బయట కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. వందేళ్ళు నడిచింది ఆ ‘వేషం’ లెక్క.

మళ్ళీ నల్గొండ నుంచి, మొదటి పోస్టు రాసిన నేనే

అక్కా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. రొట్టెల దగ్గర ఆగిపోయాను. నా నవలలో ఇంత సూటిగా ఒక్క వాక్యం కూడా పడలేదు ఇప్పటిదాకా.

పండితులు సార్, బృహన్నల పోలిక నాకు సరిపడదు. అర్జునుడిది అజ్ఞాతవాసం. ఏడాది తిరిగితే తీసేసేది. డిలన్‌ది అట్లాంటిది కాదు. ‘పేడి’ కూడా వద్దనిపిస్తోంది, దానికి ఒక కారణముంది. బౌద్ధ భిక్షువుల నియమాలున్న వినయపిటకంలో ‘పండక’ అనే పాళీ మాట ఉంది, దాదాపు నపుంసకుడు అని అర్థం. పండకులకు పూర్తి భిక్షుదీక్ష ఇవ్వకూడదని నియమం. డిలన్‌కు సారనాథ్‌లో ఆ మాటే అడ్డం వచ్చింది. తర్వాత లదాఖ్‌లో రిజోంగ్ మఠంలో శ్రామణేరుడిగా, అంటే పూర్తి దీక్ష అందని కొత్త సన్యాసిగా ఉన్నాడు. ఏ మాట ఆయన్ని తలుపు బయట నిలబెట్టిందో, దాని చుట్టం లాంటి మాటతో నేను ఆయన్ని పిలవలేను. 1958లో బయటపడింది కూడా మాట వల్లే. ఇంగ్లండులో పెద్ద కుటుంబాల వంశావళులు అచ్చువేసే పుస్తకాలు రెండు, డెబ్రెట్, బర్క్. ఒకదానిలో ఆయన తన అన్నకు వారసుడైన తమ్ముడిగా ఉన్నాడు, రెండోదానిలో ఇంకా చెల్లెలిగానే ఉన్నాడు. ఆ తేడా ఎవరి కంటనో పడింది.

మొదటి పేజీ నుంచి ‘డు’ ఎందుకు రాయాలో ఆయన ఆత్మకథలోనే దొరికింది. వయసులో ఉన్నప్పుడు ఒక అబ్బాయి గేటు తీసి, ఆయన దాటేదాకా పట్టుకున్నాడట. వీళ్ళందరూ నన్ను ఆడమనిషి అనుకుంటున్నారా అని అప్పుడు ఉలిక్కిపడ్డాడు. అంటే లోపల మారిందేమీ లేదు, బయటివాళ్ళ మాటే వేరు. కాబట్టి కథకుడి నోట ఎప్పుడూ ‘డు’. ‘ది’ అనేది బంధువుల నోట, పనివాళ్ళ నోట, పత్రికల నోట మాత్రమే. పాఠకుడు ఆ రెండు చివరల మధ్య ఆయనలాగే నలగాలి.

దేవరకొండ తమ్ముడూ, నువ్వు చెప్పింది చాలావరకు నిజం. కానీ ‘నేను’లో కూడా ఒక చోట దాగదు. ‘నేను వచ్చిన’ అన్నప్పుడు తెలియదు. నేను ఎవరో చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. చిన్నవాణ్ణి, చిన్నదాన్ని. పేదవాణ్ణి, పేదదాన్ని. పై పోస్టులో అక్క ‘బయటిదాన్ని’ అని రాశారు చూడు, అక్కడ. నీ జవాబు చదివాకే నాకిది తట్టింది. గ్యారేజీ అధ్యాయం రాత్రే తిరగరాశాను. డిలన్ నోట అంతకుముందు ఎక్కడా ‘వాణ్ణి’, ‘దాన్ని’ రెండూ రాకుండా చూశాను. కష్టమే అయింది. నలభై పేజీల్లో పదకొండు వాక్యాలు మార్చాను. ఇదిగో ఆ ముక్క:

“ముసలాయన బండి దిగకుండానే అద్దం దించిండు. పైపు పట్టుకున్న చెయ్యి చూసిండు, మొఖం చూసిండు. ‘నిన్ను ఎన్నడు చూడలే ఈడ. కొత్తగ చేరినవా?’ షెడ్డు లోపల పానాల చప్పుడు ఆగింది. ఇద్దరు తలలెత్తిన్రు. పెట్రోలు ఇంకా పడుతనే ఉంది. ‘అవు సారూ. కొత్తోణ్ణి.’ ముసలాయన తలూపి పైసలు లెక్కపెట్టుకున్నడు.”

ఒక్క సందేహం మిగిలింది. మన దగ్గర పలికే తీరుకు ‘కొత్తోణ్ణి’ అని రాయాలా, ‘కొత్తోన్ని’ అని రాయాలా? మా ఇంట్లో రెండూ వినపడుతున్నాయి. అమ్మనడిగితే ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా అంది. సోమవారం ప్రింటు తీస్తున్నాను, ఆలోపు ఎవరైనా చెప్పండి.