డీజిల్ ముల్లును నమ్మి డ్రైవర్ లెక్క తేల్చొచ్చా? అడిటివ్‌తో మైలేజీ పెరుగుతుందా?

బంగారుపాళెం_లారీ | ఉదయం 7:40
అన్నలారా, నాది 12 చక్రాల బండి, కొత్త పొగ నిబంధనల బీఎస్6. చిత్తూరు నుంచి మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నైకి, సీజన్ లేనప్పుడు బెంగుళూరు లోడు. ఆ పక్కకు పోతే నంగిలి దగ్గర ట్యాంకు ఫుల్ చేయించమంటాను. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి, కాబట్టి కర్ణాటకలో పోయించుకుంటే మనకు మిగులుతుంది. ఇప్పుడు సమస్య ఏందంటే డీజిల్ మీటర్ ముల్లు ఫుల్ నుంచి సగం దాకా మెల్లగా దిగుతుంది, సగం నుంచి జారిపోతుంది. మొన్న ఎరుపు గీతకు పైన ఉండగానే మొగిలి ఘాట్ ఎక్కుతూ బండి ఆగిపోయింది. డీజిల్ పైపులో ఎయిర్ పట్టింది, మెకానిక్‌ను పిలిపించాల్సి వచ్చింది. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు ఇవ్వాల్సిన బండి 3.5 దగ్గర ఉంది. మైలేజీ కోసం డీజిల్‌లో కలిపే మందు, అడిటివ్ బాటిళ్లు కొనిచ్చాను, డ్రైవర్ వేస్తున్నాడో లేదో తెలీదు. ఏ అడిటివ్ మంచిది? ఇది మీటర్ తప్పా, డ్రైవర్ తప్పా?

తిరుపతి_టిప్పర్ | 7:52
ట్యాంకులో డీజిల్ కొలిచే యూనిట్ మార్చేయ్ అన్నా. డీజిల్ మీద తేలే ఫ్లోట్ పోయింటుంది.

స్టీరింగ్_పూతలపట్టు | 8:30
ఓనరు గారూ, నేను డ్రైవర్ని. మీరు అడిగింది అడిటివ్ గురించి కాదు, డ్రైవర్ దొంగా కాదా అని అడుగుతున్నారు, అది నేరుగా అడగండి. ముల్లు చూసి లీటర్లు చెప్పలేము. గుండ్రటి ట్యాంకు పడుకోబెట్టి ఉంటే, లోపలికి పెట్టిన కర్ర పావు ఎత్తు తడిసిందంటే పావు ట్యాంకు ఉందని అందరూ అనుకుంటారు, కానీ అందులో ఉండేది 20 శాతం లోపే. 300 లీటర్ల ట్యాంకులో 75 ఉండాలని మీరు లెక్క కడితే నిజంగా 60 కూడా ఉండదు. ఆ తేడా డ్రైవర్ మీద పడుతుంది. నేను ఇంతకు ముందు పని చేసిన చోట ఇట్లాంటి లెక్కతోనే నా బత్తాలో 4000 పట్టుకున్నారు. మీటర్ చెక్ చేయించండి అంటే, మీటర్ బాగానే ఉంది, నువ్వే బాగాలేవు అన్నారు.

బంగారుపాళెం_లారీ | 8:41
తమ్ముడూ, నా ట్యాంకు గుండ్రంగా లేదు, పలకగా ఉంది. నీ లెక్క నాకు చెల్లదు.

స్టీరింగ్_పూతలపట్టు | 8:44
పలక అయితే మాత్రం మూలలు మడిచి ఉండవా? లోపల అడ్డు రేకులు ఉండవా?

బంగారుపాళెం_లారీ | 8:47
మూలలు మడిస్తే 15 లీటర్లు మాయమవుతాయా?

రేణిగుంట_వర్క్‌షాప్ | 9:35
ఇద్దరూ ట్యాంకు ఆకారం దగ్గరే ఆగిపోయారు. పలక ట్యాంకులో కూడా తేడా వస్తుంది. ఫ్లోట్ ఒక కడ్డీ చివర ఉంటుంది, డీజిల్ తగ్గే కొద్దీ ఆ కడ్డీ వంపుగా తిరుగుతూ దిగుతుంది, నిలువుగా దిగదు. ఫుల్ చేసినప్పుడు ఫ్లోట్ ట్యాంకు పైకప్పు దాకా పోయి అక్కడే ఆగుతుంది. దాని పైన ఇంకా డీజిల్ ఉన్నా మీటర్‌కు తెలీదు, కాబట్టి మొదట కొంత దూరం ముల్లు కదలదు. ఓనరు చెప్పిన మెల్లగా దిగడం, తర్వాత జారడం చాలా బండ్లలో ఉండేదే.

ఇక ఘాట్ సంగతి. చిత్తూరు నుంచి పలమనేరు పక్కకు ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది, డీజిల్ అంతా ట్యాంకు వెనకాలకు పోతుంది. ఫ్లోట్ వెనక ఉంటే ఎక్కువ చూపిస్తుంది, ముందు ఉంటే తక్కువ. డీజిల్ పీల్చే పైపు ముందు పక్క ఉండి, అడుగున కొంచెమే ఉంటే, ట్యాంకులో డీజిల్ ఉన్నా గాలి పీలుస్తుంది. ఓనరు బండికి ఇదే జరిగి ఉండొచ్చు. ఎర్త్ వైరు తుప్పు పట్టినా ముల్లు తప్పు చూపిస్తుంది, ముందు అది చూపించండి, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

అడిటివ్ మాట. ఇప్పుడొచ్చే బీఎస్6 డీజిల్‌లో సీటేన్, అంటే డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె, కనీసం 51 ఉండాలి, గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) దాటకూడదు. గంధకం తీసేస్తే డీజిల్‌కు జారుడు తగ్గుతుంది కాబట్టి దానికి కావాల్సిన మందు కంపెనీవాళ్లే ముందే కలుపుతారు. ఇంజెక్టర్ మసి పట్టి ఉంటే మంచి క్లీనర్ కొంత పని చేస్తుంది, కాదనను. బాగున్న ఇంజిన్‌కు మాత్రం బాటిల్ మీద రాసిన మైలేజీ రాదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్రేకు పట్టుకుని ఉందా లేదా, ఇవి ముందు చూడండి.

శ్రీకాళహస్తి_పాతబండి | 9:50
మా కాలంలో ట్యాంకుకు అర లీటరు 2టీ ఆయిల్, అదే టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్, పోసేవాళ్లం. పంపు సాఫ్ట్‌గా తిరిగేది, లక్షల కిలోమీటర్లు తిరిగినా నాజిల్ మార్చింది లేదు. ఇప్పటి పిల్లలకు ఏది చెప్పినా తప్పే.

రేణిగుంట_వర్క్‌షాప్ | 10:02
పెద్దాయనా, మీ పాత బండికి అది సరిపోయింది. ఇప్పుడు బీఎస్6 బండికి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ ఉంటుంది. ఆయిల్ కాలితే బూడిద అందులో చేరుతుంది. మసి అయితే వేడికి కాలిపోతుంది, బూడిద కాలదు. తర్వాత ఆ డీపీఎఫ్ శుభ్రం చేయించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మదనపల్లె_టమోటా | 10:10
డెఫ్ కూడా అడిటివే కదా, డీజిల్‌లో కలిపితే పొగ తగ్గుతుందని ఒకతను చెప్పాడు.

రేణిగుంట_వర్క్‌షాప్ | 10:13
అయ్యా, ఆ పని మాత్రం చేయొద్దు. డెఫ్ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. దానికి వేరే ట్యాంకు ఉంటుంది, అది పొగ గొట్టంలోకి పోతుంది, ఇంజిన్‌లోకి కాదు. డీజిల్ ట్యాంకులో పోస్తే పంపు, ఇంజెక్టర్లు పోతాయి. పొరపాటున పోసినా తాళం చెవి తిప్పకుండా నాకు ఫోన్ చేయండి.

బంగారుపాళెం_లారీ | 11:20
ఫ్లోట్, ఎర్త్ అన్నీ ఒప్పుకుంటాను. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీటర్ తప్పయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. నా లెక్కలో ఎప్పుడూ తక్కువే ఎందుకు వస్తోంది?

చంద్రగిరి_బంకు | 11:45
నేను బంకులో పని చేస్తాను. ఫుల్ ట్యాంకు అనేదే ఒక ఖాయమైన కొలత కాదన్నా. డీజిల్ నురగ వస్తుంది, నాజిల్ కట్ అయిన వెంటనే ఆపితే ఒక లెక్క, నురగ దిగాక మళ్లీ పోస్తే ఇంకా కొన్ని లీటర్లు పడుతుంది. బండి వాలుగా నిలబడితే ఇంకో లెక్క. ఎండలో 10 డిగ్రీలు వేడెక్కితే 300 లీటర్లకు రెండు రెండున్నర లీటర్లు పెరుగుతుంది, చల్లబడితే అంతే తగ్గుతుంది. బంకు మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలత పాత్ర అడగండి, ప్రతి బంకులో ఉండాలి, 25 మిల్లీలీటర్ల కన్నా తేడా ఉండకూడదు. అడగడానికి చాలామంది మొహమాటపడతారు, అది మీ హక్కు.

బంగారుపాళెం_లారీ | 11:58
రెండు లీటర్లు, మూడు లీటర్లు అయితే నేను ఈ పోస్టే పెట్టను. ప్రతి ట్రిప్పుకు 20, 25 పోతోంది. ఫైనాన్స్ కంతు నెల నెలా నేనే కట్టాలి. గుజ్జు ఫ్యాక్టరీ నుంచి కిరాయి వచ్చేసరికి నెలలు పడుతుంది. ఇది డ్రైవర్లకు అర్థం కాదు. పైపు పెట్టి డీజిల్ లాగి రోడ్డు పక్కన డబ్బాల్లో అమ్మేవాళ్లు లేరా? బంగారుపాళెం నుంచి నాయుడుపేట దాకా ఎవరిని అడిగినా చెబుతారు. పూతలపట్టు తమ్ముడు డ్రైవర్ కాబట్టి డ్రైవర్లనే వెనకేసుకొస్తున్నాడు.

స్టీరింగ్_పూతలపట్టు | 12:06
డీజిల్ అమ్ముకునేవాడు ఉన్నాడు, లేడని నేను ఎక్కడ అన్నాను? వాడిని పట్టుకోండి, పోలీసులకు ఇవ్వండి, నేనే సాక్ష్యం చెబుతాను. వాడికి, ఘాట్‌లో ఎయిర్ తీసుకుంటూ మసి చేతులతో రాత్రంతా నిలబడినవాడికి ఒకే శిక్ష వేస్తే ఎట్లా? ఎప్పుడూ తక్కువే ఎందుకు వస్తుంది అన్నారు కదా, చెబుతాను వినండి. ఎక్కువ మిగిలిన రోజు మీరు లెక్క రాయరు. మిగిలింది ట్యాంకులోనే ఉంటుంది, వచ్చే ట్రిప్పులో కలిసిపోతుంది. తగ్గిన రోజు మాత్రం పుస్తకం తీస్తారు. 4 మైలేజీ అని ఎవరు నిర్ణయించారు? షోరూంలో చెప్పింది. ఖాళీ బండికీ 4, ఫుల్ లోడుకూ 4, మొగిలి ఎక్కినా 4, చెన్నై చదును రోడ్డుకూ 4.

తిరుపతి_టిప్పర్ | 12:09
ఇది నిజం.

బంగారుపాళెం_లారీ | 12:15
మిగిలితే డ్రైవర్‌కు పంచాలా? డీజిల్ డబ్బు నాది.

స్టీరింగ్_పూతలపట్టు | 12:18
మీదే. మరి తగ్గితే నష్టం కూడా మీదే కావాలి. మిగిలింది మీకు, తగ్గింది మాకు అన్నదే అసలు గొడవ. ముల్లు, అడిటివ్ అన్నీ దాని తర్వాత.

రిటైర్డ్_లేబరాఫీసు | 13:05
నేను కార్మిక శాఖలో పని చేసి రిటైర్ అయ్యాను, ఒక్క మాట చెబుతాను. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని జీతంలో కోత పెట్టాలంటే, ముందు ఆ మనిషికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, జరిగిన నష్టం కన్నా ఎక్కువ కోయకూడదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఈ నియమం ఉంది, 2019 వేతనాల కోడ్‌లోనూ పెట్టారు. లారీ రంగంలో కాగితం ఉండదు, నోటి మాట మీద బత్తా కోస్తారు, అందుకే డ్రైవర్ ఫిర్యాదు చేసినా నిలబడదు. ఇద్దరి సంతకంతో ఒక ట్రిప్పు షీటు పెట్టుకోండి, లోడు బరువు కూడా అందులో రాయండి.

శ్రీకాళహస్తి_పాతబండి | 13:20
సంతకాలు పెట్టి లారీ నడిపేదాని కన్నా అమ్మేసుకోవడం మేలు. నమ్మకం లేని చోట ఏ షీటూ పని చేయదు.

మదనపల్లె_టమోటా | 13:31
నమ్మకం ఉన్నా లెక్క ఉండాలి పెద్దాయనా. మా టమోటా బండికి ట్యాంకులో సెన్సార్ పెట్టించారు, డీజిల్ ఒక్కసారిగా తగ్గితే ఓనరు ఫోన్‌కు మెసేజ్ పోతుంది. డ్రైవర్‌కే మంచిదైంది, అడిగేవాడు లేడు.

రేణిగుంట_వర్క్‌షాప్ | 13:50
సెన్సార్ పెట్టినా ఆ ట్యాంకుకు కొలిచి సెట్ చేయకపోతే అదీ ముల్లు లాగే తప్పు చెబుతుంది. దానికన్నా ముందు చేయాల్సింది ఒకటి ఉంది. బంగారుపాళెం అన్నా, ఆదివారం బండి రేణిగుంటకు తీసుకురండి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు. అడుగున నీళ్లు, మడ్డి ఉంటే తీసేద్దాం. తర్వాత చదును చోట నిలబెట్టి, 20 లీటర్ల కొలత డబ్బాతో పోస్తూ, పోసిన ప్రతిసారీ కర్ర మీద ఒక గీత, ముల్లు ఎక్కడుందో ఒక ఫోటో. ట్యాంకు నిండేసరికి మీ బండికి మీ సొంత కొలత తయారవుతుంది. ఆ తర్వాత ముల్లును ఎవరూ నమ్మాల్సిన పని లేదు, కర్ర పెట్టి చూసుకోవచ్చు. ఇప్పుడు మీ దగ్గరున్న అడిటివ్ బాటిళ్లు మాత్రం అప్పటిదాకా వేయకండి. పాత ట్యాంకులో మురికిని ఒక్కసారిగా లేపితే ఫిల్టర్ మూసుకుపోతుంది, మళ్లీ ఘాట్‌లో ఆగిపోతుంది, మళ్లీ డ్రైవర్ మీద పడతారు.

బంగారుపాళెం_లారీ | 14:25
తీసుకొస్తాను. కొలత అయ్యేదాకా కోతలు పెట్టను. అయ్యాక కర్ర లెక్కకు తగ్గితే మాత్రం ఊరుకోను, అది ఇప్పుడే చెబుతున్నా. మిగిలినదాంట్లో వాటా మాట నేను ఒప్పుకోలేదు.

స్టీరింగ్_పూతలపట్టు | 14:31
వాటా సంగతి మీ డ్రైవర్‌తో మీరే మాట్లాడుకోండి. ఆదివారం మాత్రం ఆయన్ని వెంట తీసుకురండి. డబ్బా పోసేటప్పుడు కర్ర మీద గీతలు ఆయన చేత్తోనే పెట్టించండి.