చార్లీ ఫెదర్స్: రాకబిల్లీ ఆద్యుడా, గొప్పలు చెప్పుకున్న కంట్రీ గాయకుడా?

పాతరికార్డు:
అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్ పరిసరాల్లో 1932లో పుట్టి, 1998లో మెంఫిస్‌లో కన్నుమూసిన చార్లీ ఫెదర్స్ పేరు కంట్రీ సంగీతం (అమెరికా పల్లెపాటల బాణీ) వినేవారిలో కూడా చాలామందికి తెలియదు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో పాడిన 'దట్స్ ఆల్ రైట్'కు ఆ తీరును కుదిర్చింది తానేనని ఆయన తరచూ చెప్పుకునేవారు. ఆయనను రాకబిల్లీ (కంట్రీ బాణీ, నల్లజాతి అమెరికన్ల బ్లూస్ బాణీ కలిసి పుట్టిన తొలినాటి రాక్ సంగీతం) ఆద్యుల్లో చేర్చాలని నా అభిప్రాయం. ఎల్విస్ పాడగా 1956లో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన 'ఐ ఫర్గాట్ టు రిమెంబర్ టు ఫర్గెట్' రచయితలుగా స్టాన్ కెస్లర్ పేరు పక్కన ఫెదర్స్ పేరూ ఉంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రాగమాలిక:
పాతరికార్డు గారూ, లేబుల్ మీద పేరుండటం వేరు, పాట రాయడం వేరు. కెస్లర్ రాసిన పాటను నమూనాగా పాడి ఇచ్చినవారు ఫెదర్స్. మన సినిమావాళ్ల మాటల్లో చెప్పాలంటే ట్రాక్ పాడారు. ఆ పేరు అలా జతపడింది. ఇక 'దట్స్ ఆల్ రైట్' సంగతికి వస్తే, రికార్డింగుకు విరామం ఇచ్చిన సమయంలో ఎల్విస్ సరదాగా ఆ పాట అందుకోగా తామూ కలిశామని గిటారిస్టు స్కాటీ మూర్ చెప్పారు. అందులో ఫెదర్స్ ఊసే లేదు. సన్ యజమాని శామ్ ఫిలిప్స్ కూడా ఆయనను కంట్రీ గాయకుడిగానే చూశారు, 'డిఫ్రాస్ట్ యువర్ హార్ట్' వంటి కంట్రీ పాటలనే విడుదల చేశారు.

ఏకతార:
మీరిద్దరూ ఎల్విస్ చుట్టూనే తిరుగుతున్నారు. ఫెదర్స్ సొంతంగా చేసిన పనిని చూడండి. నత్తిగా మాట్లాడే ఒక అమ్మాయి మీద కట్టిన 'టంగ్ టైడ్ జిల్' పాటను, లోపం ఉన్నవారిని ఎగతాళి చేసినట్టుంటుందని ఫిలిప్స్ తిరస్కరించారు (ఆ అభ్యంతరం నాకు సబబుగానే తోస్తుంది). దాంతో ఫెదర్స్ అదే ఊళ్లోని మీటియర్ రికార్డుల కంపెనీ గడప తొక్కారు. 1956లో రికార్డు వచ్చింది. అదే ఏడాది కింగ్ కంపెనీకి పాడిన 'వన్ హ్యాండ్ లూజ్' వినండి. మాట మధ్యలో ఎక్కిళ్లు వచ్చినట్టు గొంతు తెగుతుంది, మరుక్షణం సన్నగా పైకి ఎగురుతుంది, చరణం ముగిసేలోగా ఛాతీలోంచి వచ్చే బొంగురు మూలుగులోకి దిగిపోతుంది. తాళం మాత్రం ఎక్కడా జారదు. ఎల్విస్ పాటను ఎవరు కుదిర్చినా కుదర్చకపోయినా, ఈ గొంతు మాత్రం అరువు తెచ్చుకున్నది కాదు. ఆ రికార్డులు అప్పట్లో అమ్ముడుపోలేదన్నది నిజమే. కింగ్‌కే పాడిన 'కాంట్ హార్డ్‌లీ స్టాండ్ ఇట్' 2004లో 'కిల్ బిల్' సినిమా రెండో భాగంలో వినిపించేనాటికి ఆయన పోయి ఆరేళ్లు కావస్తోంది. ఆద్యుడు అనే మాటకు కాలక్రమమే కొలమానమైతే ఆయన వాదన నిలవదు. ఈ బాణీని దాని చివరి అంచుదాకా తీసుకెళ్లినవారు ఎవరన్న ప్రశ్నకైతే ఆయన పేరే మొదట చెబుతాను.

పాతరికార్డు:
రచయిత అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే రాగమాలిక గారూ, గొప్పల కోసమే బతికిన మనిషి గురువు పేరును దాచుకుంటాడు కదా? ఫెదర్స్ తన గురువు, తనతో కలిసి వాయించిన నల్లజాతి బ్లూస్ కళాకారుడు జూనియర్ కింబ్రోను సంగీతానికే ఆదీ అంతమూ అన్నారు. ఆ మాటే ఈనాడు హోలీ స్ప్రింగ్స్ దగ్గర కింబ్రో సమాధి రాతి మీద చెక్కి ఉంది.

రాగమాలిక:
అదీ అతిశయోక్తే కదండీ! కాకపోతే ఈసారి ఇంకొకరి గురించి చెప్పినది. 1969లో వారిద్దరూ కలిసి చేసిన రికార్డింగులు నేనింకా శ్రద్ధగా వినలేదు. అవి విన్నాక, ఏకతార గారు చెప్పిన ఆ ఎక్కిళ్ల గొంతులో కింబ్రో పాలు ఎంతో ఇక్కడే రాస్తాను.